నూట పన్నెండో వరుస

హల్ నగరంలో వాన పట్టిందంటే
కౌన్సిల్ భవనం మూడో అంతస్తు కిటికీలోంచి
హంబర్ నది కనిపించదు. ఉందని నమ్మాలి.
నా ఉద్యోగమూ ఆ బాపతే.

ఇరవై మూడు వేల ఇళ్ళు.
మరమ్మతుల పాత సిస్టంలోంచి కొత్తదాంట్లోకి
మార్చి ముప్పై ఒకటి అర్ధరాత్రికల్లా దాటించాలి.
వాటిల్లో నాలుగు వేల మంది అద్దెదారులు
ఒకే రోజు పుట్టారు:
పంతొమ్మిది వందలు, జనవరి ఒకటి.
నూట పాతికేళ్ళు దాటినవాళ్ళు
వంటింటి కుళాయి కారుతోందని నిన్న కూడా ఫోన్ చేశారు.

ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వని గడి అది.
ఏ సాయంత్రమో, అవతల మనిషి ఏడుస్తుంటే,
పుట్టినతేదీ అడగడానికి నోరు రాక
ఎవరో కొట్టేసిన అంకె.
నా రిపోర్టులో దాని పేరు లోపం.

మంగళవారం మంగళవారం ఇష్యూ లాగ్ తెరుస్తాం.
గారెత్ రంగులు దిద్దుతాడు.
ఎరుపు కాస్తా పసుపై, పసుపు లేతబారి,
పైఅంతస్తు చేరేసరికి పచ్చగా ఉంటుంది.
మసి పూసి మారేడుకాయ చేయడం
మావాళ్ళకే వచ్చనుకునేదాన్ని.

నూట పన్నెండో వరుస నేను రాసిందే.
'వ్యాఖ్యల గడి కొత్త సిస్టంలో లేదు.'
తీవ్రత: తక్కువ.
బాధ్యులు: ఒక అడ్డగీత.
పదకొండు వారాలుగా ఆ గీత అలాగే పడుకుని ఉంది.
ఐటీవాళ్ళు హౌసింగ్‌ని చూపించారు, హౌసింగ్ వెండర్‌ని,
వెండర్ ఒప్పందంలో ఆరో పేజీని.
తిలాపాపం తలా పిడికెడు.
బస్సులో నా పిడికిలి విప్పి చూసుకున్నాను.

ఇంకా ఏరు దాటనే లేదు,
తెప్పకి నిప్పు పెట్టే తేదీ మాత్రం ఖాయమైంది.

మురికి గడే, కాదనను.
కామాలుండవు, సగం మాటలకి స్పెల్లింగులుండవు.
శుభ్రం చేద్దామని కూర్చుని
చదవడం మొదలుపెట్టాను.

'బెల్ కొట్టి ఆగండి. వాకర్ పట్టుకుని వస్తుంది, టైం పడుతుంది.'
'కుక్క ఏమీ అనదు. ఆయనే అరుస్తాడు. టీ ఇస్తే తాగండి.'
'ఎడమ చెవి వినపడదు, కిటికీ తట్టాలి.'
'పై గది తలుపు పక్కన పెయింట్ వేయొద్దు.
బాబు ఎత్తు కొలిచిన గీతలున్నాయి. బాబు లేడు.'

అన్నిటి చివరా అవే రెండక్షరాలు, డి.ఎం.

ఎవరని ఎరల్‌ని అడిగాను.
ముప్పై ఏళ్ళుగా ఈ ఊరి పైపుల కింద దూరినవాడు.
'డోరీన్ మాసన్. రిటైరైపోయింది.
ఆవిడ రాసింది చూడకుండా
నేను ఒక్క తలుపూ తట్టలేదు' అన్నాడు,
స్పానర్ తుడుచుకుంటూ.

ఆ మంగళవారం
నూట పన్నెండుకి ఎరుపు వేశాను.
ఆధారమేదీ అన్నాడు గారెత్.
గీతల సంగతి చదివాను.
ఎవరో కుర్చీ జరుపుకున్నారు. ఎవరో ప్రైవసీ అన్నారు,
అదీ నిజమే, దానికింకో వరుస తెరిచాం.
చివరికి వెండర్ ఒక గడి ఇచ్చాడు.
ఎనభై అక్షరాలు. అంతకు మించితే అదనపు బిల్లు.

శనివారమంతా డోరీన్ మాటల్ని కత్తిరించాను.
వాకర్ ఉంచాను, టీ తీసేశాను
(ఎరల్, మన్నించు).
గీతల ఇల్లు దగ్గర ఎంత కుదించినా
నాలుగు అక్షరాలు ఎక్కువ.
'బాబు లేడు' మీద కర్సర్ చాలాసేపు మిణుకుమంది.
తీసేస్తే సరిపోయేది.
పెయింటర్‌కి కావలసింది గోడ సంగతేగా.

డి.ఎం. తీసేశాను.

సోమవారం పొద్దున్న వరుస మూసేస్తుంటే
బాధ్యుల గడిలో ఆ గీత ఇంకా కనిపించింది.
దాన్ని చెరిపి
ఆ రెండక్షరాలూ అక్కడ పెట్టాను.

ఎర్రగా ఒక వాక్యం వచ్చింది:
'ఈ పేరుతో ఉద్యోగులెవరూ లేరు. సరిచూసుకోండి.'

సరిచూసుకున్నాను.
సేవ్ నొక్కాను, మళ్ళీ నొక్కాను.
బయట వాన తెరిపిచ్చినట్టుంది,
నది ఉండాల్సిన చోట
ఏదో బూడిదరంగుది కదులుతోంది.