ఆరో గది

తాళం తిప్పితే టిక్కుమంది. అంతే.
మళ్లీ తిప్పాను. ఈసారి ఆ టిక్కు కూడా లేదు.
ఎర్రదీపం ఒకటి
నిద్రలో కన్ను తెరిచి, ఎవరో అనుకుని,
మూసుకుంది.

తొమ్మిదింటికి నర్సాపురంలో ఉండాలి.
వెనక సీట్లో పదహారిళ్ల లేసు,
మూడు నెలల వేళ్లు,
పాత చీరల్లో మూటలు కట్టి ఉంది.
గేటు దగ్గర సువార్తమ్మ, కనకదుర్గ, ఆవిడ తోడికోడలు.
డబ్బులు సాయంత్రానికి వస్తాయా అని నోరు తెరిచి అడగరు.
బండి వైపు చూస్తారు. అది చాలు.

హారను నొక్కాను: జలుబు చేసిన పిల్లి.
బానెట్టు ఎత్తాను.
ప్లస్సు మీద పచ్చగా, మైనస్సు మీద తెల్లగా ఏదో పూసింది.
వేడినీళ్లలో వంటసోడా కలిపి
అరిగిన పళ్లబ్రష్షుతో తోమాను. బుసబుసా పొంగింది.
సందులో మిగిలినదాన్ని లేసు సూదితో గీకుతుంటే
సూది తోక బండి ఒంటికి తగిలి
చిటుక్కున నిప్పురవ్వ.
"యేసయ్యా" అంది సువార్తమ్మ.
సూది మొన నల్లబడింది.
పదో నంబరు పానాతో బిగించి తాళం తిప్పాను.
ఉహూఁ.

అప్పుడు వీరరాఘవులు మేస్త్రికి కబురెళ్లింది.
రేవులో లాంచీలు తిరిగిన రోజుల్లో ఇంజిన్ల మనిషి.
ఆ మోతకే చెవులు పోయాయి, ఇప్పుడు అరచేతులతో వింటాడు.
లుంగీ ఎగ్గట్టి సంచిలోంచి గాజుగొట్టం తీశాడు,
పైన రబ్బరు బుడ్డి, లోపల మూడు రంగుల తేలుడు బద్ద.
"బ్యాటరీ అంటే ఒకటి కాదమ్మాయ్, ఆరు గదుల కొంప.
గదికో పొయ్యి. ఒక్క పొయ్యి ఆరిందనుకో,
మిగతా ఐదూ దానికే వండి పెట్టి వండి పెట్టి
చల్లారిపోతాయ్."
మూత విప్పాడు, పీల్చాడు, చూశాడు, తిరిగి వదిలాడు.
ఐదు గదుల్లోనూ బద్ద ఏదో కాస్త తేలింది.
ఆరోదాంట్లో అడుక్కి పోయి కూర్చుంది.
గొట్టాన్ని ఎండకెత్తి పట్టాడు.
నీళ్లు మట్టిరంగు.

"ఏ నీళ్లు పోశారు?"

వినపడదని తెలిసి కూడా మెల్లగానే అన్నాను.
"మన బోరువేనండి."
వైశాఖంలో ఆ గది ఎండితే చెంబుతో నేనే పోశాను,
నీళ్లు నీళ్లే కదా అని.
ఆయన నా పెదాలు చూసి చదువుకున్నాడు.

మా బోరు నీళ్లతో కందిపప్పు ఉడకదు.
బిందె మెడ చుట్టూ తెల్లటి చార.
నిమ్మచెట్టు రెండుసార్లు పెట్టాను, రెండుసార్లు పీకాను.
పెరటిగోడ అవతల రొయ్యల చెరువులో
ఫ్యాన్లు రాత్రంతా ఉప్పునీళ్లు చిలుకుతాయి.
ఆ ఎకరన్నర మాదే.
ఒకప్పుడు స్వర్ణ పండేది.
లీజు తాలూకు మొదటి డబ్బుతోనే
ఈ కారు కొన్నది.

మేస్త్రి చెరువు వైపు చూడలేదు. చూడక్కర్లేదు.
మూతలు బిగించి, సోడానీళ్లలో చేతులు కడుక్కుని
"తొయ్యండర్రా" అన్నాడు.
"రెండో గేరులో పెట్టి క్లచ్చు తొక్కి ఉంచు, ఊపొచ్చాక వదులు.
అందుకుందా, షాపు దాకా
బ్రహ్మదేవుడు పిలిచినా ఆపకు."

ముగ్గురు ఆడవాళ్లు, చెవిటి మేస్త్రి, పాలకుర్రాడు.
కంకర మీద చెప్పులు జారాయి, ఎవరిదో గాజు చిట్లింది.
క్లచ్చు వదిలాను.
బండి ఎగిరింది, దగ్గింది, చచ్చినంత పని చేసి
అందుకుంది.
అద్దంలో కనకదుర్గ మోకాళ్ల మీద చేతులానించి
రొప్పుతూ నవ్వుతోంది.

కాలవగట్టు మలుపులో బుల్లెట్టుకి ఆనుకుని
రామభద్రరాజు గారు చెయ్యెత్తారు.
చంకలో కాగితాల సంచి.
ఈ నెలాఖరుకి లీజు అయిపోతుంది,
ఇంకో ఐదేళ్లకి సంతకం కావాలి.

యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యలేదు.
కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాను,
"ఆగితే మళ్లీ స్టార్టవదండోయ్!"

అబద్ధమేం కాదు.