గాలి

మొగిలి ఘాటు దిగొచ్చిన కారు
గ్రీమ్స్‌పేటలో నా షెడ్డు ముందర
మూలిగి నిలబడింది.
తొంభై తొమ్మిది మోడల్ ఎస్టీము. తెలుపనేది పేరుకే.
వెనక సీటు పీకేసి వరిగడ్డి పరిచి,
గడ్డిలో పలమనేరు కుండలు, మూకుళ్లు,
వీపున మొక్క పెట్టుకునే మట్టి ఏనుగొకటి.
దాని తొండం విరిగుండాది.

దిగినామె భుజం రుద్దుకుంటా అనింది:
"మలుపు మలుపుకీ మొండి ఎద్దుతో పోట్లాటన్నా.
ఏనుగు నాలుగో మలుపులో పోయింది."
పేరు ధనభాగ్యం.
రశీదు పుస్తకంలో రాస్తావుంటే నవ్వింది:
"పేర్లో ఉండేదే, ఇంకేడా లేదు. చూసి రాయి."

వేలూరు రోడ్డులో ఎవరో చెప్పినారంట,
ర్యాకు పోయింది, ఇరవై రెండు వేలని.
నేనేమీ అనలేదు.
ఇంకొకని పనిని కష్టమరు ముందర తిట్టొద్దని
నా చేతికి స్పానరిచ్చిన ఖాజా మేస్త్రి చెప్తుండె.
ఆయన మాత్రం తిడుతుండె.

ఇంజను ఆన్ చేసి స్టీరింగు తిప్పమన్నా.
పంపు ఏడ్చింది.
పాలకేడ్చే బిడ్డ ఏడుపు కాదు,
గొంతులో ఏదో అడ్డంబడిన ఏడుపు.
డబ్బా మూత తీసి చూస్తే
ఎర్రగా ఉండాల్సిన ఆయిలు
పొద్దుట్నించీ కాగిన టీ మాదిరుండాది.
పైన నురగ.
మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసినా,
నేల మీద ఒక్క చుక్క లేదు.

కారేదయితే కంటికి కనబడుతుంది.
కారకుండా చెడేదాన్నే
చెవితో వెదకాల.

దొరికింది.
డబ్బా నుంచి పంపుకు పోయే పైపు,
క్లాంపు కింద, గోటితో గీరితే తప్ప
తెలియనంత నెర్రె.
ఆయిలు బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది.
పంపు ఇన్నాళ్లూ తాగింది సగం గాలే.
గాలికేం బలముంటుంది, చక్రాన్ని నెట్టేదానికి?

ఇదంతా ఆమెకెట్ట చెప్పాలా అని
మాటలు వెదుక్కుంటా ఉండా.
ఆమే అనింది:
"మట్టిలో గాలి మాదిరి."

"తొక్కేటప్పుడు ఒక్క బుడగ మిగిల్తే
సారె మీద తెలీదన్నా, నీడలో ఆరేసినా తెలీదు.
ఆవంలో పెట్టినంక టప్పుమంటుంది.
అదొక్కటే పోదు,
పక్కనుండే నాల్గింటిని పిల్చుకుని పోతుంది."

నా దగ్గర పని నేర్చుకునే దొరసామి
నోరు తెరుచుకుని విన్నాడు.
ఏడాదిగా వాడికి నేను చెప్పలేకపోయినది.

పైపు మూడొందల నలభై. క్లాంపులు అరవై.
ఓరింగుకు దుడ్లు రాయలేదు.
పాత ఆయిలంతా పిండి పారేసి,
వదులైన బెల్టును వేలికి కొంచెమే వంగేట్టు బిగించి,
ముందు చక్రాలు జాకీల మీదికి లేపి,
ఆమెనే కూర్చోమన్నా.
"ఇంజను వద్దు. ఈ కొస నుంచి ఆ కొసకు.
మెల్లగా. కొసన పట్టి ఉంచొద్దు."

ఆమె తిప్పింది.
ఉట్టి చేతుల్తో కాదు, నడుం నుంచి,
సారె మీద మన్ను నడిమధ్యకు తెచ్చేవాళ్లు
వంగేటట్టు వంగి.
డబ్బాలో బుడగలు లేచినాయి.
ముందు శెనగలంత, ఆనక ఆవాలంత,
ఆనక ఉట్టి మసక.
పోసినా, తిప్పింది. పోసినా, తిప్పింది.
దొరసామి లెక్క ముప్పై దగ్గర తప్పింది.
రోడ్డు మీద తోతాపురి కాయల లారీలు
జ్యూసు ఫ్యాక్టరీకి నాలుగు పోయినాయి.
కడాకరి బుడగ ఎప్పుడు పోయిందో
ముగ్గురిలో ఎవరమూ చూళ్లేదు.

ఇంజను వేస్తే పంపు గమ్మునుండాది.
ఒక్క వేలితో తిరిగింది స్టీరింగు.
ఆమె ఆ వేలినే చూసుకుంటా కూర్చునింది
కాసేపు.

దుడ్లిచ్చి, రివర్సు తీస్తా
అలవాటు కొద్దీ భుజమంతా వేసి తిప్పింది.
కారు గిర్రుమని తిరిగి
మా రేకు తలుపును గీరి నిలబడింది.
వెనక గడ్డిలో ఏదో మూకుడు పగిలిన చప్పుడు.
"కారుకు చెప్పినావు సరేన్నా,
నా చేతులకెవరు చెప్తారు?"

తలుపు గీతకు బదులని
తొండం లేని ఏనుగును బల్ల మీద పెట్టి పోయింది.
దాని వీపులో ఇప్పుడు
దొరసామి ఓరింగులు వేసుకుంటాడు.