కేసు ప్రాపర్టీ

బిట్రగుంటలో రైలు దించిన గోతాల్లో
ఉల్లిపాయల కింద నలభై మూడు.
బతికినవి పదకొండు.
తొమ్మిది ఆడవి, రెండు మగవి.
పంచనామాలో మాత్రం అన్నీ వస్తువులే.

పట్టుబడినవాడు
మూడో రోజుకే బెయిలు మీద ఇంటికెళ్లాడు.
సాక్ష్యాలు ఆరేళ్లుగా ఇక్కడే,
జువ్వలదిన్నెలో,
తెల్లమచ్చ తెగులుకి దివాలా తీసిన
రొయ్యపిల్లల హేచరీలో,
నాలుగో నంబరు సిమెంటు తొట్టిలో.
కాపలా నేను.
రోజుకూలీ. మస్టర్లో వేలిముద్ర.

ఇది ఉప్పు ఊరు.
బోరు వేస్తే నాలుక మండే నీళ్లే.
ఇవేమో మంచినీళ్ల జీవాలు,
ఎక్కడో పెద్ద నదిలో
ఇసక తిన్నెల మీద వీపు కాచుకున్నవి.
వారానికి రెండు ట్యాంకర్లు వీటికి,
ఒకటి మా కాలనీకి.
"ఏం మే, మనమూ తాబేళ్లుగా పుట్టకపోతిమే!"
వరసలో ఆడోళ్లు నన్ను చూసి అంటారు.
నవ్వేస్తాను.
నా బిందె కూడా ఆ వరసలోనే ఉంది.

మాఘమాసం చలికి
పెద్ద మగదాని తల ఎర్రబడింది,
ఎవరో తడి కుంకం పూసినట్టు.
"పెళ్లికొడుకయ్యాడమ్మా" అని ఫోను చేస్తే
డాక్టరు హేమావతమ్మ
అన్నం మధ్యలో లేచి నెల్లూరులో బస్సెక్కింది.

అయిదేళ్లూ గుడ్లు నీళ్లలోనే జారవిడిచాయి.
తెల్లారి చూస్తే పగిలి, తొట్టి అడుగున.
జల్లెడతో తీసి పాతేసేదాన్ని.
ఆరో ఏడు పెన్నా ఇసక వచ్చింది,
రెండు ట్రాక్టర్లు.
అనుమతికి నాలుగు నెలలు.

మా తాత చెంచురాముడు
సన్నటి ఇనపచువ్వతో
ఇసక పొడుచుకుంటూ పోయేవాడు.
"గట్టిగా ఉంటే అబద్ధం,
మెత్తగా దిగితే నిజం" అనేవాడు.
ఆ గుడ్లు మేం తిన్నాం. దాచేదేముంది.
ఆ సొన ఇసక ఇసకగా
ఇప్పటికీ నా నాలుక మీదుంది.

ఆ రాత్రి ఆడది గట్టెక్కి
గుంత తవ్వి, పూడ్చి,
పొట్టతో చదును చేసి వెళ్లిపోతే
మూడు కెమెరాలకి దొరకని చోటు
నా చూపుడువేలికి దొరికింది.

ఇరవై రెండు.
దొర్లించకూడదు, తిప్పకూడదు.
ఏ పక్క పైకుంటే ఆ పక్కే పైకుండాలి,
గుర్తుకి పైన పెన్సిలు గీత.
నాకు రాయడం రాదు.
ఇరవై రెండుసార్లు గీత గీశాను.
నా బతుకులో అన్ని సంతకాలు అదే మొదలు.

"పెట్టెలో వేడి పెరిగితే అన్నీ ఆడపిల్లలే,
తగ్గితే మగపిల్లలు" అంది డాక్టరమ్మ.
ముగ్గురు ఆడపిల్లల్ని కన్నానని
నోరు పారేసుకున్న మా అత్తకి
ఈ డిగ్రీల సంగతి చెబుదామంటే
ఆమె పోయి రెండేళ్లు.

రోహిణి కార్తెలో కరెంటు పోయింది.
జనరేటర్లో డీజిలు లేదు.
తడి గోతాం కప్పి
తాటాకు విసనకర్రతో
తెల్లారేదాకా విసిరాను.
ఏ వేడికి ఎవరు ఏమయ్యారో,
అది నా చేతి నొప్పికే తెలియాలి.

పద్నాలుగు పిల్లలు.
ఒక్కోటి అయిదు రూపాయల బిళ్లంత కాకపోయినా
అరచేతిలో గోళ్లతో గీకుతుంటే
ఎక్కడికో అర్జెంటుగా పోవాలన్నట్టుంది.

కావలి కోర్టు నించి కాగితం వచ్చింది,
ప్రాపర్టీ సరిచూసి చెప్పమని.
బీటు ఆఫీసరు ఖాదర్‌వలీ
లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టి,
పెన్ను మూత కొరుకుతూ కూర్చున్నాడు.
పదకొండు రాయాలా, ఇరవై అయిదా?
వీటికి గోతాం తెలీదు.
రైలు తెలీదు, ముద్దాయి తెలీదు.
ఏ నేరంలోనూ లేనివాటిని
ఏ గడిలో రాయాలి?

ఆయన ఇంకా రాయలేదు.
బయట ట్యాంకరు హారను కొడుతోంది.
ముందు డ్రైవరుకి చెప్పాలి,
ఈ వారం నించి
పద్నాలుగు మంది ఎక్కువని.