తరుగు

ఇరవై రెండేళ్లుగా నా చేతిలో ఇదే చెక్కపెట్టె.
నీలం మఖమల్ గుంటల్లో ఇత్తడి రాళ్లు.
ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు,
చెమట కూడా బరువేనంట.

పొదలకూరు నిమ్మకాయల యార్డు. పొద్దున ఆరున్నర.
జీపు దిగేసరికే మాకన్నా ముందు కబురు దిగింది.
కాటాల మీద దుమ్ము తుడిచేశారు,
పళ్లేల కింది అయస్కాంతాలు
ఎవరి జేబుల్లోకో జారుకున్నాయి.
ఫరీదా మేడం రాయి పెట్టమంది.
పెట్టాను. ఇరవై.
ఇంకోటి పెట్టాను. నలభై.
ఒక్క కాటా రెండొందల గ్రాములు తప్పింది,
దానికి కాగితం రాశాం, సీలేశాం.
టీ డబ్బులిచ్చినట్టు జరిమానా కట్టి
"అయిపోయిందా సార్?" అని నన్నడిగాడు.
ఎప్పుడూ అంతే,
ఖాకీ చొక్కాయే ఆఫీసరనుకుంటారు.

అప్పుడొచ్చింది మరుపూరు చెంగమ్మ.
"కాటా నిజమే చెప్తాదమ్మా,
బస్తాకి మూడు కిలోలు తరుగంటారు, కాయ వాడుద్దని.
సరే, అదీ పోనీ.
ఇది చూడు."
చెమటకి చుట్టుకుపోయిన ఎక్కాల పుస్తకం.
పదమూడో ఎక్కం వెనకాల
తేదీ, బస్తాలు, కొట్టు పేరు, ధర.
ఏడు కొట్లు. ఏడు బోర్డులు. ఏడు దేవుళ్ల పటాలు.
ధర మాత్రం ఒకటే,
సీజనంతా, రూపాయి తేడా లేకుండా.
"మా ఇంట్లో ముగ్గురం.
కూరలో ఉప్పు కాడ్నే మూడు మాటలు.
ఏడుగురికి ఒకే మాట యాణ్ణించొచ్చింది తల్లీ?"

ఆ నిమిషంలోనే
ఏడు కొట్లలో ఏడు ఫోన్లు
ఒకేసారి కిచమన్నాయి.
ఆ రోజు ధర దిగింది.
ఎవరూ ఎవరివైపూ చూళ్లేదు.

తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని
బేరాలాడేవాళ్లని మా నాయన చెప్పేవాడు.
అప్పుడు తువ్వాలన్నా కదిలేది.

నా పెట్టెలోకి చూసుకున్నాను.
ఐదు కిలోలది ఉంది, రెండు ఉంది,
చిమటాతో ఎత్తాల్సిన గ్రాము కూడా ఉంది.

ఇది మా శాఖ కాదమ్మా అంటుందనుకున్నా మేడం.
నేనైతే అనేవాణ్ణి.
గోతం మీద కూర్చుని
పేజీ పేజీ ఫోటో తీసుకుంది.
ఇట్లాంటి కుమ్మక్కుల్ని విచారించేవాళ్లు
ఢిల్లీలో ఉంటారని చెప్పింది.
"ఢిల్లీకా? మా కాయలు పొయ్యే ఊరే గదా.
కాయ మూడ్రోజుల్లో పోతాది.
కాగితం ఎన్నాళ్లకి పోతాదో."

కాగితం పోయింది.
నాలుగు నెలలకి ఒక నంబరొచ్చింది, అంతే.
ఆ నంబర్ని చెంగమ్మ
పాల లెక్క పక్కన, గోడ మీద బొగ్గుతో రాసుకుందంట.

ఏడాదికి మళ్లీ వెళ్లాం, ముద్రలు వెయ్యడానికి.
అదే ఆరున్నర. అదే పులుపు వాసన.
యార్డుకి పిలుపొచ్చి పోయిందని,
ఇద్దరు నెల్లూరు వకీలుని కలిశారని
టీ కొట్టు వెంకటశేషు చెవిలో చెప్పాడు.
నిజమో కాదో. టీ కొట్టు మాట
తూకానికి నిలవదు.

ఫోన్లు కిచమన్నాయి.
అలవాటుగా లెక్కపెట్టాను.
ఆరు.
ఛార్జింగు అయిపోయిందో,
భయమో,
పొద్దున్నే పెళ్లాంతో గొడవో,
ఏడో కొట్టాయన
బోర్డు మీద సుద్దముక్క ఆనించి
ఇంకా ఏమీ రాయకుండా నిలబడున్నాడు.

చెంగమ్మ అప్పటికే
అటువైపు గోతం ఈడుస్తోంది.