సార్ అనే ఊర్లె

ఆ గ్రౌండుల రెండు గోలు స్తంభాలు నిలబెట్టింది నేనే.
నేనంటే నేను కాదు, మా కంపెనీ యాభై టన్నుల క్రేను.
కింద నిలబడి చేతులూపింది మాత్రం నేను:
వేలు మీదికి తిప్పితే లేపు,
రెండు చేతులు చాపితే ఆపు,
పండ్ల నడుమ విజిలు.

పనైనంక క్రేను పోయింది. నేను పోలె.
కోడిగుడ్డసొంటి బంతి, ఎటు ఎగురుతదో దానికే తెల్వది.
ముప్పై మంది ఒకని మీద ఒకడు పడుడు,
నడుమ బక్కపల్చటోడొకడు చెయ్యెత్తంగనే
కుప్పంత విడిపోవుడు.

గ్వెనెత్ మేడం బడిల లెక్కలు చెప్తది,
శుక్రవారం రెఫరీలను తయారుజేస్తది.
"చేతులు మంచిగ లేస్తున్నయ్, ఉరుకుతవా?" అనడిగింది.
సల్మాబాద్ క్యాంపుల పదకొండేండ్లు బస్సు కోసం ఉరికినోన్ని.
ఉరుకుత అన్న.

బాత్రూం అద్దం ముందట నేర్చుకున్న:
క్రౌచ్... బైండ్... సెట్.
తలుపవతల బకెటు పట్టుకొని ఓదేలు మొత్తుకున్నడు,
"ఎవన్ని కూసోవెడుతున్నవ్‌రా లోపల?"

చెయ్యి వాలుగ లేపితే పెనాల్టీ,
మోచెయ్యి మడిస్తే ఫ్రీ కిక్.
క్రేను భాషల మోచెయ్యి తడితే చిన్న కొక్కెం.
మొదటి వారం రెండు భాషలు కలిసిపోయి
పోరగాండ్లకు కొక్కెం చూపెట్టిన.

తలకు దెబ్బ తగిలినోని గురించి ఫోన్ల పరీక్ష.
అనుమానమొస్తే చాలు, ఆట నుంచి తీసెయ్యాలె.
ఆ మాట రెండుసార్లు చదివిన.
జూలైల కండ్లు తిరుగుతున్నయని గణపయ్య అంటే
ఫోర్‌మన్ ఏమన్నడో యాదికొచ్చింది.
సరైన జవాబు నొక్కిన.

అన్నిటికంటె కష్టం అడ్వాంటేజ్.
తప్పు జరిగింది, నీ కండ్లతోటే చూసినవ్,
అయినా ఊదొద్దు.
ఒక చెయ్యి చాపి ఉరుకు,
నష్టపోయినోళ్లకు ఏమన్న కలిసొస్తదేమో చూడు.
ఇదెక్కడి న్యాయం?
నా విజిలు ఒక్క ఊపిరి ఆలస్యమైతే
కింద ఒక మనిషి ఉండడు.

పరీక్ష మ్యాచుల, నీలి అంగీ చేతుల నుంచి
బంతి ముందుకు జారిందో లేదో, ఊదిన.
అదే బంతిని అందుకున్న ఎర్రంగీ పిల్లగాడు
గీతకు నాలుగడుగుల దూరంల ఆగిపోయిండు.
ముందట ఎవ్వలు లేరు, గడ్డి తప్ప.
నా దిక్కు చూసిండు. ఏమనలె.
మేడం కాయితం మీద ఒక్కటే మాట రాసింది: తొందర.

ఆ వారమంత హిద్ద్ సైటుల నాకు భయం.
గాలికి ఇనుప చువ్వల కట్ట ఊగితే
నా నోరు కూడ ఆగి చూస్తదా ఏమని.
ఊగింది. ఆగలె.
అప్పటిసంది రెండు విజిళ్లు,
పసుపు తాడుది సైటుకు, నల్ల తాడుది గ్రౌండుకు.

ఆ గ్రౌండున్న ఊరి పేరే సార్.
మేస్త్రీకి, క్లర్కుకు, గేటుకాడి వాచ్‌మన్‌కు
దినాం వందసార్లు నేననే మాట
అక్కడ బోర్డు మీద రాసి ఉంటది.

రెండో పరీక్ష. పదిహేనో నంబరోడు
ఎదుటోన్ని మెడకాడ పట్టి పడేసిండు.
ఊదిన. పిలిచిన. ఎల్లో కార్డు తీసిన.
గీతవతల వాని నాయిన, మా ప్రాజెక్టు మేనేజరు.
గుర్తుపట్టలె. హెల్మెట్ లేకుంటే నన్నెవలు గుర్తుపడుతరు?
పిల్లగాడు చేతులు వెనుకకు కట్టుకొని, తల వంచి
"యెస్ సార్" అన్నడు.
నేను వెనుకకు మల్లి చూసిన,
ఎవలన్న వచ్చి నిలబడ్డరేమోనని.

సర్టిఫికెట్ల లెవల్ ఒకటి అని ఉన్నది.
పేరు, పాస్‌పోర్టుల లెక్కనే, తిరగేసి: లింగు రాజ.
ఓదేలు దాన్ని మంచం మీది గోడకు అంటుపెట్టిండు,
చార్జర్ వైరు పక్కకు జరిపి.

శనివారం పొద్దుగాల నాలుగున్నర. బస్సు లైను.
ఎవడో మోచేత్తోటి నన్ను నూకి ముందుకొచ్చిండు.
నోరు తెరవలె.
తెలవకుంటనే ఒక చెయ్యి చాపిన,
ఏమైతదో చూద్దామని.
ఆ సందుల నుంచి ఓదేలు దూరిండు.
కిటికీ సీటు దొరికింది.