రెండు తెరల షెడ్డు

హిగాషి ఒసాకాలో, రైలు వంతెన నీడ పడే మా షెడ్డులో
రెండు తెరలుండేవి.
నీలం తెర వెనక హయాసే కంపెనీ అచ్చులు,
గోధుమరంగు తెర వెనక తొకివా వాళ్ళవి.
మధ్యన ఉక్కురజను, నూనె మరకలు, మా నాన్న.
ఎదుటివాడి సంగతి ఇక్కడెవరికీ తెలియదని
ఇద్దరూ కాగితాల మీద ముద్రలు వేయించుకున్నారు.
లెక్కలు రాసేది నేను.
తెలియనివన్నీ నా చేతిరాతలోనే ఉండేవి.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు.
ఇమిడాయి, పదకొండేళ్ళు.
అద్దె కూడా కట్టాయి.

ఏ బటన్ నొక్కితే ఎంత లోపలికి దిగాలో
నాన్న కుడి బొటనవేలు చెప్పేది.
కళ్ళు మూసుకుని నొక్కేవాడు.
"మొండిగా ఉంది" అనేవాడు, లేదా "ఏడుస్తోంది" అనేవాడు.
ఏమీ అనకుండా టీ తాగితే
కుదిరిందని లెక్క.
బళ్ళో హయాసే పిల్లలు, తొకివా పిల్లలు
వేరువేరు బల్లల మీద కూచుని అన్నం తినేవాళ్ళు.
వాళ్ళ పంతాలు రెండూ
ఒకే ముసలి వేలికి కొలత తీసినవని
నేను చెప్పలేదు.

హయాసే నుంచి మంగళవారాలు సుగిమోరి చిజురు గారు,
తొకివా నుంచి గురువారాలు నాంబు గారు.
ఒక గురువారం ఆవిడ రోజు మర్చిపోయి వచ్చింది.
వెనకే నాంబు గారి బూట్ల చప్పుడు.
నాన్న కంగారులో ఆవిణ్ణి తోసింది
గోధుమరంగు తెర వెనక్కి.
ఇరవై నిమిషాలు శత్రువు అచ్చుల మధ్య నిలబడి,
ఆయన వెళ్ళాక బయటికొచ్చి
"లోపల చీకటి, ఏమీ కనబడలేదు" అంది.
లోపల ట్యూబులైటు వెలుగుతూనే ఉంది.
తర్వాతి నమూనాలో భుజం బటన్‌కి ఆ వంపు వస్తుందని
భయపడుతూ విప్పాను పొట్లం.
రాలేదు.

ఆ తర్వాత ఎత్తులు మారాయి.
ఒకడు క్యాసెట్టు వదిలి డిస్కుకి మారాడు,
ఇంకొకడు డిస్కు వదిలి టెలిఫోను తీగ పట్టుకున్నాడు.
తొకివా పెద్దాయన వేదికెక్కి
కొత్త ధర ఒక్కటే చదివి దిగిపోయాడట.
ఆ రాత్రే హయాసే నుంచి ఫ్యాక్సు:
బటన్‌కి ముప్పై సెన్‌లు తగ్గించగలరా?
యంత్రాన్ని నష్టానికి అమ్మి
ఆటల్లో రాబట్టుకుంటారట.
మాకు ఆటలు లేవు, బటన్లే ఉన్నాయి.
తగ్గించాం.

మార్చిలో హయాసే చేతులెత్తేసింది.
ఇక యంత్రాలు చెయ్యరు, ఆటలే చేస్తారు,
అవీ తొకివా పెట్టె కోసమే.
మొన్నటిదాకా ఆ పేరెత్తితే
మనిషి ఉద్యోగం పోయేది.

ఒప్పందం ప్రకారం అచ్చులు నాశనం చెయ్యాలి.
సాక్షిగా సుగిమోరి గారే వచ్చింది, మంగళవారమే.
నాన్న గ్యాస్ కట్టర్ పట్టుకున్నాడు.
ఒక్కో అచ్చూ తెగాక ఆవిడ ఫోటో తీసింది,
పద్నాలుగు.
చివరిది తెగుతున్నప్పుడు ఫిల్మ్ అయిపోయిందంది.
పాతసామానువాడు కిలోల్లెక్కన తూచి పట్టుకుపోయాడు.

నెల తిరక్కుండా నాంబు గారు వచ్చారు,
ఎప్పుడూ తేనంత ఖరీదైన మిఠాయిలతో.
మెత్తగా వంగి, మెత్తగా అడిగారు:
బటన్‌కి యాభై సెన్‌లు.
అవతలివాళ్ళు ఎంతిస్తున్నారని
ఈసారి అడగలేదు.
నాన్న కొత్త నమూనా నొక్కి
"కొంచెం మొండిగా ఉంది, రెండు వారాలివ్వండి" అన్నాడు.
"పర్లేదు కువహారా గారూ, ఇది చాలు" అన్నారాయన.
పదకొండేళ్ళలో ఆ షెడ్డులో
ఆ మాట ఎవరూ అనలేదు.

వేసవిలో సుగిమోరి గారి కార్డు వచ్చింది.
మా కొత్త ఆటని వాళ్ళ యంత్రం మీద పరీక్షిస్తున్నాను,
ఎడమ భుజం బటన్ దగ్గర మీ నాన్నగారు తగిలారు,
అని రాసింది. కింద, చిన్నక్షరాల్లో:
ఆ వంపు నేను అప్పుడే చూశాను.

చదివి వినిపించాను.
నాన్న నీలం తెర పక్కకి లాగి,
ఖాళీ నేల మీద నాలుగు మూలలా
తుప్పు గుర్తులు చూశాడు.
కడిగెయ్యనా అంటే వద్దన్నాడు.
టీ కలపమన్నాడు.
కలిపాను. తాగలేదు.