పంచర్ టబ్బు

హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తినప్పుడల్లా
మా బస్తీ టాపు అయితది.
ఒక దిక్కు మూసీ, ఒక దిక్కు నాలా,
నడుమ నూట నలబై ఇండ్లు,
దాటనీకి ఒక ఇనుప వంతెన.
స్కూటర్ పడుతది. దోమల మందు బండి పట్టదు.
అది అవతలి గట్టు మీదనే నిలబడి
ఇటు దిక్కు తెల్లగ ఊదేది.
గాలి మనదైతే సగం పొగ మాకు,
లేకుంటే అంతా మూసీకి.

నా దుకాణం వంతెన కాడ్నే.
గోడకు పేర్చిన పాత టైర్లు,
ముందల ఒక నల్ల టబ్బు.
గాలి నింపిన ట్యూబు నీళ్ళల్ల ముంచి
బుడగ ఏడ లేస్తదో చూసుడే నా చదువు.
ఇరవై రెండేండ్ల సంది
నీళ్ళల్ల ఊపిరి వెతికెటోన్ని,
ఆ నీళ్ళల్ల ఇంకోటి ఊపిరి తీస్తున్నదని
ఒక్కనాడు వంగి చూడలే.

చూపించింది మహజబీన్.
లక్కగాజులకు రాళ్ళు అతికే మనిషి,
ఆవగింజంత మెరుపును కూడా విడువని కండ్లు.
ఫీవర్ దవాఖాన్ల తొమ్మిది రోజులుండి
బిడ్డను ఇంటికి తెచ్చుకున్న తెల్లారి
స్టీలు గరిటె పట్టుకొని వచ్చింది.
టబ్బుల ముంచి, ఎండకు ఎత్తి పట్టి
"దేఖో భాయ్" అన్నది.
గరిటెల తలకిందులుగ వేలాడే వెంట్రుక ముక్కలు.
ఒకటి పైకొచ్చింది, ఇంత గాలి తీసుకున్నది,
మెలిక తిరిగి కిందికి పోయింది.

"టైర్లు?" అన్నది.
ఒక్కోటి వంచినం.
ఒక్కోదాంట్ల గ్లాసెడు వాన.
పద్దెనిమిది టైర్లు.
మా గల్లీల ఆ నెల పండుకున్నోళ్ళు పదకొండు మంది.
లెక్క నేను నోటితోని చెయ్యలే, ఆమె చెయ్యలే.
నా కాడ గాలి కొట్టుడు నేర్చుకునే
కిష్టవ్వ కొడుకు జంగరాజు
ఆ పదకొండుల ఒకడు.
వాని సైకిల్ ఇంకా నా గోడకే ఆని ఉన్నది.

శుక్రవారం నీళ్ళు పారబోయమంటే
ముందుగాల లేచి కొట్లాడింది కూడా కిష్టవ్వనే.
"నల్లా మూడొద్దులకోసారి వస్తది,
నడిజాము దాకా మేల్కొని పట్టిన నీళ్ళు
మోరీల పొయ్యమంటె ఎట్ల?"
ఎవ్వలు మాట్లాడలే.
నిజమే కద.

ఆ రాత్రి నిద్ర పట్టక
పనికిరాని ట్యూబులు ముందలేసుకొని
ఉంగరాలు ఉంగరాలుగ కోసిన.
తెల్లారి ఇల్లిల్లు తిరిగి
డ్రమ్ము మూతికి పాత చీర,
చీర మీద నా రబ్బరు.
అంగీ గుండీ పెట్టినట్టు బిగించుకుంట పోయిన.
కిష్టవ్వ ఇంటికాడ చెయ్యి ఆగింది.
ఆమెనే చీర చింపి ఇచ్చింది.

ఇప్పుడు జుమ్మాకు ముందు మసీదు మైకుల
"కూలర్లు వంచుండ్రి" అని చెప్తరు.
పోరగాళ్ళు కొబ్బరి చిప్పలు ఏరుతరు,
చిప్పకు ఒక చాక్లెట్ అనంగనే
అవతలి గట్టు చిప్పలు కూడా వచ్చిపడ్డయి.
రంపపు పొట్టు, మురికి ఇంజనాయిలు
గోనెగుడ్డల మూట కట్టి నాలాల విసిరితే
నీటి మీద రంగులు సాగుతయి.
ఆ రంగుల కింద ఊపిరాడదు.

దోమకు వంతెనతోని పని లేదు.
అవతల కట్టుడు ఆపిన పెద్ద బిల్డింగు,
దాని సెల్లారంతా రెండేండ్ల నీళ్ళు.
వాచ్‌మన్ గేటు తియ్యలే.
మహజబీన్ బుర్ఖా కొస నడుముకు చెక్కుకొని
గోడ మీదికెళ్ళి మూట విసిరింది.
దబ్బుమన్న సప్పుడుకు
లోపల కుక్కలు లేచినయి, మేం ఉరికినం,
ఏడాది తర్వాత మొదటిసారి
కిష్టవ్వ నవ్వంగ విన్న.

జ్వరాలు పోయినయని చెప్పను.
మొన్న కూడా ఒక పిల్లను తీస్కపోయినం,
తిరిగొచ్చింది.

పొద్దుమీకితే టబ్బు బోర్లిస్త.
జంగరాజు సైకిల్‌కు గాలి చూస్త.
ఆలస్యంగ ఎవలన్న బండి నూకుకుంట వచ్చి
"నీళ్ళు లేవా?" అంటరు.
ఆగుమని, కొత్తగ పోసి, ట్యూబు ముంచుత.
బుడగ లేస్తది.
ట్యూబుదేనా అని ఒక్క గడియ చూస్త.
అప్పుడు వేలు పెడుత.